తాళపుచెవి యెవరి చేత నున్నది?

ఇంటికి తాళము వేసి, తాళపుచెవిని చూరులో దోపిపోవు గృహస్థుని జూచి మనము నవ్వుదుము. కాని హైదరాబాదు, విశాఖపట్టణములందు ప్రోగ్రాములు వ్రాయు మన యువకులలో గొందరు చేయుచున్నది యింతకంటె వేరు కాదు. ఏండ్ల తరబడి వ్రాసిన మూలపాఠమును గిట్‌హబ్ భాండారమున దాచుదురు. దానిని తెరచు రహస్యపు తాళపుచెవిని మాత్రము మిత్రునికి ఈమెయిలులో పంపుదురు!

పాస్‌వర్డు చాలదా యని యడుగువారు గలరు. చాలదని యనుభవమే చెప్పినది. 1995లో ఫిన్లండు దేశమున హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయపు కంప్యూటర్ల నడుమ సాగు పాస్‌వర్డులను దొంగలు దారికాచి గ్రహించిరి. అందుకు ప్రతిక్రియగా నచ్చటి టాటు యులోనెన్ నిర్మించినదే ఎస్.ఎస్.హెచ్. పద్ధతి. గిట్‌హబ్ వారును 2021 ఆగష్టు 13వ తేదీ మొదలు గిట్ కార్యములకు ఖాతా పాస్‌వర్డు నంగీకరించుట మానివేసిరి. ఇది వృథా ప్రయాస యని సణుగువారితో మేమేకీభవింపజాలము.

ఈ పద్ధతిలో తాళపుచెవులు జంటగా బుట్టును. బహిరంగమైనదానిని ఖాతాలో నమోదు చేయుదుము. రహస్యమైనది మన కంప్యూటరును విడువదు. సంధానము కోరినపుడు మన కంప్యూటరు రహస్యపు చెవితో నొక చేవ్రాలు చేయును. అవతలివారు బహిరంగపు చెవితో దానిని సరిచూతురు. మచ్చు చేవ్రాలు చూచి దొంగవ్రాలు చేయువారిని న్యాయస్థానములలో మేమెరుగుదుము. ఇచ్చట మచ్చును లోకమెల్ల జూచినను, నేటి గణితవిద్యకు దొంగవ్రాలు సాధ్యము కాదు.

చేయవలసినది స్వల్పము. ‘ఎస్.ఎస్.హెచ్. కీజెన్’ అను సాధనముతో ‘ఈడీ 25519’ తరగతి జంటను పుట్టింపవలయును. రహస్యపు చెవికి దీర్ఘమైన రహస్యవాక్యము కాపుంచవలయును. ‘పబ్’ అను తోకగల ఫైలును మాత్రమే ఖాతాలో జేర్పవలయును. తొలిసారి సంధానమగునపుడు తెరపై గనబడు వ్రేలిముద్రను గిట్‌హబ్ వారు ప్రకటించినదానితో సరిపోల్చక ‘యెస్’ అనరాదు. చదువక దస్తావేజుపై వ్రాలుచేయుట యెట్టిదో యిదియు నట్టిదే.

జాగరూకత యెంతటివారికిని తప్పదు. 2023 మార్చిలో గిట్‌హబ్ వారి సొంత ఆర్.ఎస్.ఏ. రహస్యపు చెవియే పొరపాటున నొక బహిరంగ భాండారమున గొద్దికాలము బయటపడెను. వారు వెంటనే దానిని మార్చి, లోకమునకు దెలియజేసిరి. పొరపాటు దాచకుండుటయు నొక పాఠమే.

పనివారు పదిమంది యొకే చెవిని వాడుకొనినచో సౌకర్యమని కొన్ని కార్యాలయముల వాదము. ఖాళీ కాగితముపై వ్రాలుచేసి బల్లపై నుంచుటయు సౌకర్యమే! రేపు భాండారమున కపకారము జరిగిన, చేసినవాడెవడని దేల్చుట కేయాధారము మిగులును? నిరపరాధి నిందపాలగును, అపరాధి తప్పించుకొనును. కావున నెవరి చెవి వారికి, ఏ కంప్యూటరు చెవి దానికి ప్రత్యేకముగా నుండవలయును. కంప్యూటరు పోయినను, పనివాడు వెడలినను, ఆనాడే వాని బహిరంగపు చెవిని ఖాతానుండి తొలగింపవలయును.

తాళమును పరదేశీయు డెవడైన జేసి యీయవచ్చును. తాళపుచెవిని గాచుకొను బుద్ధిని మాత్రము మనకు మనమే యలవరచుకొనవలయును.