సారె ఒకరిది, చాకిరీ ఇద్దరిది

వేసవి రాగానే మనకు మట్టికుండ గుర్తొస్తుంది. పెళ్ళి కుదిరితే ఐరేని కుండలు, దీపావళికి ప్రమిదలు. కొనేటప్పుడు మాత్రం "మట్టే కదా, ఇంత ధరా?" అంటాం.

మట్టి ఊరికే కుండవుతుందా? చెరువు మట్టి తెచ్చి, ఎండబెట్టి, రాళ్ళేరి, జల్లించి, నానబెట్టి, తొక్కి ముద్ద చేయాలి. మా ఊరి కుమ్మరి వీధిలో నేను చూసినంతవరకు ఇందులో ఎక్కువ పని ఆడవాళ్ళదే. కుండలు నునుపు చేయడం, ఆరబెట్టడం, ఆవానికి కంప మోయడం, తట్టలో పెట్టుకుని సంతలో అమ్మడమూ వాళ్ళే. సారె తిప్పేది మగవాడు కనుక పేరు ఆయనది. ఆడది సారె ముట్టకూడదన్న కట్టుబాటు చాలాచోట్ల ఉండేది మరి!

కుమ్మరి మొల్ల రామాయణమే రాసిందే, ఆడదాని చేతికి సారె తగదా? బలం చాలదంటారా? ఇప్పుడు కరెంటు సారెలొచ్చాయి.

2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో కుమ్మరం కూడా ఉంది. శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు, రెండు విడతల్లో 3 లక్షల దాకా అప్పు. బాగానే ఉంది. కానీ కుటుంబానికి ఒక్కరికే! మన ఇళ్ళల్లో ఆ ఒక్కరూ ఎవరవుతారో వేరే చెప్పాలా? ఇద్దరు చేసే పనికి ఇద్దరి పేర్లూ రాయాలంటాను నేను. ఆమె పేరు కాగితం మీదకెక్కితేనే అప్పులో, రాబడిలో ఆమె మాటకు విలువ.

మనమూ ఒక పని చేయొచ్చు. తట్ట దించిన ఆమెతో పది రూపాయల కోసం బేరమాడకుండా ఉండొచ్చు.