అయ్యగారి ఆయినా ఎవరి చేతిలో ఉంది?

బెజవాడ బందరు రోడ్డు హోటళ్ళలో ఈమధ్య ఒక కారోబార్ జోరుగా నడుస్తోంది. మేనేజర్లనీ షోరూం మాలిక్‌లనీ ఏసీ హాల్లో కూర్చోబెట్టి 'సెల్ఫ్ అవేర్‌నెస్' నేర్పుతున్నారు. మన జబాన్‌లో ఖుద్‌షనాసీ, తనను తాను ఎరగడం. కళ్ళు మూసుకోమంటారు, తన బలాలూ బలహీనతలూ రాసుకోమంటారు, బిర్యానీ పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. సోమవారం పొద్దున్నే అదే జనాబ్ వచ్చి అటెండర్ మీద అరుస్తాడు. తేడా ఒక్కటే. ఇప్పుడు 'నా కోపం సంగతి నాకు తెలుసు' అని ముందే చెప్పి మరీ అరుస్తాడు.

దీన్ని నేను ఖుద్‌షనాసీ అనను. ఖుద్‌పసందీ అంటాను.

ఆ క్లాసుల్లో చూపించే బొమ్మ ఒకటుంది, జోహరీ విండో. పేరు విని మనవాళ్ళు రత్నాలు పరఖాయించే జౌహరీ అనుకుంటారు. కాదు మియా. 1955లో జోసెఫ్ లఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అనే అమెరికన్ సైకాలజిస్టులు జో, హారీ అని తమ పేర్లు కలిపి పెట్టుకున్నది. నాలుగు గళ్ళు. అందులో ఒక గడి, నీ గురించి ఎదుటివాళ్ళకి తెలిసి నీకు తెలియనిది. అసల్ మాల్ అక్కడే ఉంది. ఎంతసేపు కళ్ళు మూసుకున్నా అది నిండదు. నీ కింద పనిచేసేవాడు నోరు తెరిస్తేనే నిండుతుంది. వాడికి ఆ జుర్రత్ ఎలా వస్తుందో నేను కూర్చున్న రెండు క్లాసుల్లోనూ ఎవరూ చెప్పలేదు. ఫీజు కట్టింది మాలిక్ కదా!

నాకు ఈ సంగతి నేర్పింది ఆటోనగర్. కుర్రతనంలో ఒక షెడ్డులో షాగిర్దుని. కైకలూరు నుంచి హౌరాకి చేపలు తోలే లారీకి మా ఉస్తాద్ కమాన్ కట్టలు బిగిస్తున్నాడు. ఒక పట్టీ మీద సుత్తి పడితే మోగాల్సిన మోత మోగలేదు, బొద్దుగా వినిపించింది. చీలిక అని నాకు అనుమానం. చెప్పలేదు. అంతకు వారం ముందే నోరెత్తినందుకు చెంప వాచింది. లారీ తాడేపల్లిగూడెం దాటాక కూలబడింది. అల్లా దయ, ఎవరికీ ఏమీ కాలేదు. ఐస్ మాత్రం కరిగిపోయింది, చేపలు పాడయ్యాయి. 'తెలిసీ ఎందుకు చెప్పలేదురా?' అన్నాడు ఉస్తాద్. 'కొడతారని' అన్నాను. చాలాసేపు ఖామోష్‌గా ఉన్నాడు. మర్నాటి నుంచి ఏ బండైనా షెడ్డు దాటే ముందు సుత్తి చిన్నవాడి చేతికిచ్చి, 'కొట్టి విను, వినిపించింది చెప్పు' అనేవాడు. చదువు రాని మనిషి. ముహాసబా అంటే అదీ. హిసాబు పుస్తకం అవతలివాడి చేతిలో పెట్టడం.

'మాతహతుల్ని అడిగితే అదబ్ పోతుంది, నెత్తికెక్కుతారు' అంటారు కొందరు. మా షెడ్డులో ఎవరూ ఎక్కలేదు. పోయినవి తిరుగు రిపేర్లు.

పెద్ద మిసాల్ కావాలా? 2024 సెప్టెంబర్‌లో కృష్ణకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్‌వెయిట్‌లని గుద్దాయి. అప్పుడు పిలిచింది కన్నయ్యనాయుడు గారిని. అంతకు నెల ముందే తుంగభద్ర డ్యాంలో 19వ గేటు కొట్టుకుపోతే, నీళ్ళు పారుతుండగానే స్టాప్‌లాగ్ దింపించిన రిటైర్డ్ ఇంజినీర్. ఇంజినీర్లకి కరువు లేని మహక్మా బయటి పెద్దాయన్ని పిలవడమంటే, ఈ పని మాకంటే ఆయనకి బాగా తెలుసని ఒప్పుకోవడమే. దాంతో ఎవరి ఇజ్జత్ పోయింది? నిజమే, నది మెడ మీదకొస్తే ఎవరికైనా అక్ల్ వస్తుంది. వరద లేని మామూలు మంగళవారం నాడు రావడం కష్టం.

ట్రైనర్ సాబ్‌లకి నాదొక మష్వరా. వచ్చేసారి మాలిక్‌తో పాటు అతని డ్రైవర్‌నీ, స్టోర్‌కీపర్‌నీ, ఆఫీసు ఊడ్చే ఆమెనీ పిలవండి. మాలిక్ బయట టీ తాగి వచ్చేలోగా ఆ గడి వాళ్ళతో నింపించండి. పేర్లు రాయించొద్దు. ఆ కాగితం చదివాక ఆర్నెల్లకి కూడా వాళ్ళ నౌకరీలు నిలిచి ఉంటే, అప్పుడివ్వండి అతనికి సర్టిఫికెట్.