పటం, జనం, యంత్రం: మారుతున్న గల్ఫ్ కొలువుల లెక్క

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో మనిషి గల్ఫ్‌లో ఏ దేశానికి వెళ్లినా ‘దుబాయ్ పోయిండు’ అంటారు. రాజంపేట, రాయచోటి వైపు, కోనసీమలో ఎక్కువగా వినిపించేది కువైట్ పేరు. పేరేదైనా దశాబ్దాలుగా ఈ ఊళ్లలో ఇళ్లు లేచింది, ఆడపిల్లల పెళ్లిళ్లు జరిగింది, అప్పులు తీరింది చాలావరకు ఆ డబ్బుతోనే. భూమి కింద చమురు, భూమి మీద తక్కువ జనాభా, ఎడారిలో బతుకు సాధ్యం చేసిన యంత్రాలు.. ఈ మూడూ ఒకేచోట కలవడం వల్ల పుట్టిన కొలువులవి. ఇప్పుడు ఆ మూడు వైపుల నుంచీ లెక్క మారుతోంది.

ఒక్కటే దారి

గల్ఫ్ చమురు ప్రపంచానికి చేరాలంటే ఇరాన్, ఒమన్‌ల మధ్య ఉన్న హోర్ముజ్ జలసంధి దాటాలి. అత్యంత ఇరుకైన చోట దాని వెడల్పు సుమారు 33 కిలోమీటర్లే. 2024లో రోజుకు దాదాపు 2 కోట్ల బ్యారెళ్ల చమురు, చమురు ఉత్పత్తులు ఈ దారిలో వెళ్లాయి. అంటే ప్రపంచ వాడకంలో ఐదో వంతు. కువైట్, ఖతార్, బహ్రెయిన్‌లకు వేరే సముద్ర మార్గమే లేదు. సౌదీ ఎర్ర సముద్ర తీరంలోని యాన్బుకు, యూఏఈ ఫుజైరాకు పైపులైన్లు వేసుకున్నా, మొత్తం చమురును అటు మళ్లించే సామర్థ్యం వాటికి లేదు.

షేల్ టెక్నాలజీతో అమెరికా 2018లో ప్రపంచంలోనే అతిపెద్ద ముడి చమురు ఉత్పత్తిదారుగా ఎదిగింది. గల్ఫ్ చమురు అవసరం ఆ దేశానికి బాగా తగ్గింది. 2024లో హోర్ముజ్ దాటిన ముడి చమురులో 80 శాతానికి పైగా వెళ్లింది ఆసియాకే. ప్రధాన కొనుగోలుదారులు చైనా, భారత్, జపాన్, దక్షిణ కొరియా. తన అవసరాల్లో 85 శాతానికి పైగా ముడి చమురును దిగుమతి చేసుకునే మన దేశానికి అక్కడ యుద్ధం వస్తే రెండు దెబ్బలు: చమురు ధర పెరుగుతుంది, మనవాళ్లు పంపే డబ్బు ఆగుతుంది. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు జరిగింది ఇదే. అప్పుడు సుమారు 1.7 లక్షల మంది భారతీయులను విమానాల్లో వెనక్కి తేవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది మన విదేశీ మారకద్రవ్య సంక్షోభానికి దారితీసిన కారణాల్లో అదీ ఒకటి. 2025 జూన్‌లో ఖతార్‌లోని అమెరికా స్థావరంపై ఇరాన్ క్షిపణులు ప్రయోగించిన రాత్రి, ఆ ముప్పు పాత చరిత్ర కాదని మళ్లీ తెలిసింది.

సొంత పిల్లలకే కొలువులు కావాలి

యూఏఈ, ఖతార్‌లలో పది మందిని లెక్కపెడితే సొంత పౌరులు ఒకరికి కాస్త అటూ ఇటూ. కువైట్‌లో మూడో వంతు లోపే. పని చేసే చేతులు బయటి నుంచి రావాల్సిందే కనుక మనకు తలుపులు తెరుచుకున్నాయి. సౌదీ పరిస్థితి వేరు. 2022 జనగణన ప్రకారం అక్కడి 3.22 కోట్ల జనాభాలో 58 శాతం సౌదీలే. వాళ్లలో 63 శాతం మంది వయసు 30 ఏళ్ల లోపు. ఇంతమంది యువతకు ప్రభుత్వోద్యోగాలు ఇవ్వడం ఏ ఖజానాకూ సాధ్యం కాదు. అందుకే 2011లో ‘నితాకత్’ వచ్చింది. 2018లో మహిళలకు డ్రైవింగ్ అనుమతి దక్కింది. హౌస్ డ్రైవర్ వీసా మీద ఆధారపడిన మనవాళ్లకు ఆ మార్పు అర్థమేమిటో వేరే చెప్పనక్కర్లేదు. యూఏఈ కూడా 50 మందికి పైగా ఉన్న ప్రైవేటు సంస్థల్లో నైపుణ్య ఉద్యోగాలకు ఏటా 2 శాతం చొప్పున స్వదేశీయులను పెంచాలని 2022లో నిబంధన తెచ్చింది. ఇందులో మన మీద కోపమేమీ లేదు, వాళ్ల జనాభా లెక్కే అలా ఉంది.

యంత్రం రెండు వైపులా

కువైట్‌లోని మిత్రిబాలో 2016లో 53.9 డిగ్రీల ఎండ నమోదైంది. ఏసీలు, సముద్రపు నీటిని మంచినీటిగా మార్చే ప్లాంట్లు లేకుంటే అక్కడ ఇంత పెద్ద నగరాలు నిలవవు. ఆ నగరాలను కట్టే పని యంత్రాలే కల్పించాయి. ఇప్పుడు కొన్ని పనులను యంత్రాలే తీసుకుంటున్నాయి. దుబాయ్ మెట్రో 2009లో మొదలైననాటి నుంచీ డ్రైవర్ లేకుండానే నడుస్తోంది. అబుధాబి రోడ్లపై డ్రైవర్ లేని ట్యాక్సీలూ వచ్చాయి. అదే సమయంలో ఆస్పత్రులు, సౌర విద్యుత్ కేంద్రాలు, డేటా సెంటర్లలో పని తెలిసిన వాళ్ల అవసరం పెరుగుతోంది.

మన ఇంటి లెక్క

రిజర్వ్ బ్యాంక్ సర్వే ప్రకారం 2016-17లో విదేశాల నుంచి మన దేశానికి వచ్చిన సొమ్ములో దాదాపు సగం ఆరు గల్ఫ్ దేశాలదే. 2023-24కు అది 38 శాతానికి తగ్గింది. అమెరికా ఒక్కటే 27.7 శాతం పంపింది. ఆ సొమ్ములో తెలంగాణ వాటా 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్ వాటా 4.4 శాతం.

మన జనాభా కూడా మారుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సగటున ఒక్కో మహిళకు పిల్లల సంఖ్య ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. జనాభా స్థిరంగా ఉండటానికి కావాల్సిన 2.1 కంటే ఇది తక్కువ. మరోవైపు ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో గల్ఫ్ వెళ్లే కార్మికుల్లో ఇప్పుడు ఉత్తరప్రదేశ్, బిహార్ వాళ్లదే పైచేయి. నేపాల్, బంగ్లాదేశ్ వాళ్లూ పోటీలో ఉన్నారు. తక్కువ జీతానికి వచ్చే చేతులు అంత దొరుకుతున్నప్పుడు, హెల్పర్ జీతం పెరుగుతుందని ఆశించడం కష్టం.

గల్ఫ్ మూతపడుతోందని దీని అర్థం కాదు. దాదాపు 90 లక్షల మంది భారతీయులు ఇంకా అక్కడే ఉన్నారు. కానీ వడ్డీకి అప్పు తెచ్చి ఏజెంటు చేతిలో పోసి హెల్పర్ వీసాపై వెళ్లడం మునుపటి కంటే పెద్ద జూదం. అప్పు తీరేలోపు యుద్ధమో, కొత్త కోటానో, కొత్త యంత్రమో అడ్డొస్తే మునిగేది ఆ కుటుంబమే. అదే డబ్బులో కొంత పెట్టి వెల్డింగ్, ఏసీ మెకానిక్, ఎలక్ట్రికల్ పనిలో సర్టిఫికెట్ తెచ్చుకుని వెళ్తే, ఒక దేశం తలుపు మూసినా ఇంకో దేశం తలుపు తట్టవచ్చు.

ప్రభుత్వాల పని కూడా ఇక్కడే ఉంది. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు తెలంగాణ ఇస్తున్న రూ.5 లక్షలు, కేంద్రం ప్రవాసీ భారతీయ బీమా కింద ఇచ్చే రూ.10 లక్షలు అవసరమైనవే. అయితే అవి నష్టం జరిగాక అందే సాయం. వెళ్లే ముందే పని నేర్పే కేంద్రం, తిరిగొచ్చినవాడి అనుభవానికి ఊళ్లోనే విలువ కట్టే ఏర్పాటు వలస జిల్లాలన్నింటికీ కావాలి. హోర్ముజ్ వెడల్పును మనం పెంచలేం, సౌదీ యువత సంఖ్యను తగ్గించలేం. మన పిల్లలు ఏ పని నేర్చుకుని విమానం ఎక్కాలన్నది మాత్రం ఇప్పటికీ మన చేతిలోనే ఉంది.