వేలు జారినా అంతే!

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. ఈ రోజుల్లో వేలు జారినా అంతేనండీ!

మొన్న మా వీధి ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకావిడ, చీటీ డబ్బు ఫలానా ఆవిడే తినేసిందని పెట్టేసింది. తీరా చూస్తే లెక్కలో పొరపాటు! పెట్టినావిడ ‘సారీ’ అని ఊరుకుంది. పడినావిడ మాత్రం వారం రోజులు గుమ్మం దాటలేదు. ఆ మాట మా చెల్లెలికి నేనూ పంపాను. అందుకే సిగ్గుపడుతూ రాస్తున్నాను.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ప్రకారం పరువు తీసినందుకు రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ. ఈ సమాజ సేవ పాత చట్టంలో లేదు. నాకు నచ్చింది ఇదే. తొందరపడి ఒక మాట అన్న ఇల్లాలిని జైల్లో పెడితే పిల్లలకి అన్నం ఎవరు వండుతారు? ఒట్టి జరిమానా అయితే డబ్బున్నవాళ్లు పారేసి పోతారు. నలుగురి ముందూ తప్పు ఒప్పుకుని, నలుగురికీ పనికొచ్చే పని చేస్తేనే బుద్ధి వస్తుంది. కావాలని, పదే పదే ఒకరి బతుకు బజారుకీడ్చేవాళ్లకి మాత్రం జైలే సరి.

మీకే ఇలా జరిగితే ఏడుస్తూ కూర్చోకండి. వాళ్లు చెరిపేసేలోగా తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి దాచండి. మామూలుగా పోలీసులు ఈ కేసు తమంతట తాము కట్టరు. మేజిస్ట్రేటు కోర్టులో మనమే ఫిర్యాదు ఇచ్చుకోవాలి. నష్టపరిహారం కావాలంటే ఏడాదిలోపే దావా వేయాలి.

నేను ఆవిడ ఇంటికెళ్లి క్షమించమని అడిగాను. కాఫీ ఇచ్చింది గానీ మునుపటిలా నవ్వలేదు. ఆ నవ్వు ఏ శిక్ష వేస్తే తిరిగొస్తుందంటారు?