మూడు దినముల పాస్‌పోర్టు, పన్నెండు గంటల షిఫ్టు

అహమ్మదాబాదు నుండి చెన్నైకి పోవు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్‌లో తెలుగువారిని ఎక్కించుకొని భుసావల్ మీదుగా వరంగల్లుకు చేర్చును. ఆ మార్గమున పనిచేసిన రైల్వే సోదరులకు బమ్రోలి పేరు పరిచితమే. ఉధనా స్టేషనుకు అనతిదూరమున, పాండేసరా పారిశ్రామిక వాడకు చేరువలో నున్న ఈ ప్రాంతము ఒకప్పుడు పల్లె. నేడు రేయింబవళ్లు మరమగ్గముల హోరు. చేనేత చితికిపోగా నల్లగొండ, వరంగల్లు, కరీంనగరు జిల్లాలను విడిచిన నేతకుటుంబములు షోలాపురము, భీవండులకు వలెనే సూరత్‌కును చేరి, తరములుగా అక్కడనే బ్రతుకుచున్నవి.

ఈ పత్రికలో కరవు భత్యమును గూర్చి గాక పాస్‌పోర్టును గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని దేశములో ఏ పౌరునికైనను పాస్‌పోర్టును చేతికందించునది పోస్టుమాను. 2017 నుండి అనేక పట్టణములలో దాని దరఖాస్తును స్వీకరించుచున్నదియు పోస్టాఫీసే. కావున ఇది మన పనిని గూర్చిన విషయమే.

బమ్రోలిలో మగ్గము నడుపు ఒక కార్మికుని తలచుకొందము. దుబాయిలో నున్న తమ్ముడు పనిలో గాయపడి ఆసుపత్రిలో నున్నాడని రాత్రి కబురు వచ్చినది. వెళ్లవలెను, పాస్‌పోర్టు లేదు. చదివినవాడెవడో తత్కాల్ పద్ధతి యున్నదని చెప్పును. నిజమే, ఉన్నది. ముప్పదియారు పుటల సాధారణ పాస్‌పోర్టుకు రుసుము 1500 రూపాయలు. తత్కాల్ అయినచో మరి 2000 చేర్చి 3500 చెల్లించవలెను. పోలీసు విచారణకై ముందుగా ఆగనక్కరలేదు. విచారణ పిమ్మట జరుగును. దరఖాస్తు దాఖలైన దినమును మినహాయించి మూడవ పనిదినము నాటికి పాస్‌పోర్టును పంపవలెనన్నది శాఖవారు చెప్పుకొన్న గడువు. పూర్వము ఇందులకు ఉన్నతాధికారి ఒకరు సంతకము చేసిన ధ్రువపత్రము కావలసి యుండెడిది. ఉన్నతాధికారులతో పరిచయము లేనివానికి ఆ ద్వారము మూసియుండెడిది. ఆ నిబంధనను తొలగించుట మంచిపని, ఒప్పుకొనవలసినదే.

అయినను మన కార్మికుడు ఆ మూడు దినములను అందుకొనలేడు. కారణము చిరునామా.

అతడు నివసించునది అద్దెగది. ఇంటి యజమాని అద్దె పుచ్చుకొనును గాని ఒప్పందము వ్రాసి రిజిస్టరు చేయించడు. కరెంటు బిల్లు యజమాని పేర వచ్చును. ఉద్యోగ ధ్రువపత్రము చెల్లునందురా, అది పేరున్న కంపెనీ లెటరుహెడ్డు మీద నుండవలెను. మీటరు లెక్కన కూలి చెల్లించు మగ్గాల షెడ్డు యజమానికి లెటరుహెడ్డు ఎక్కడిది? హాజరు పట్టీలో పేరుండుటయే గగనము. ఆధార్ కార్డు మీద ఇంకను నల్లగొండ జిల్లాలోని పల్లె పేరే యున్నది. దానిని మార్పించుకొనుటకును మరల ఒక పత్రము కావలెను.

ఇచ్చట 2018 నాటి సంస్కరణ ఒకటి ప్రస్తావింపదగినది. ఆ ఏడాది జూను నుండి, నివాసముతో నిమిత్తము లేకుండ దేశములో ఏ పాస్‌పోర్టు కార్యాలయము పరిధిలో నైనను దరఖాస్తు చేయవచ్చునని విదేశాంగ మంత్రిత్వశాఖ ప్రకటించినది. పల్లె చిరునామాతోనే సూరత్ కార్యాలయమున దరఖాస్తు చేసికొనవచ్చును. వలస కార్మికునికి ఇది వరమువలె కానవచ్చును. కాని పోలీసు విచారణ దరఖాస్తులో వ్రాసిన చిరునామాలోనే జరుగును; పాస్‌పోర్టు స్పీడ్‌పోస్టులో ఆ చిరునామాకే పోవును. అనగా అతడు బమ్రోలిలో వేలిముద్రలు వేసి, మగ్గము విడిచి, రైలెక్కి ఊరికి పోయి పోలీసుకొరకు, పోస్టుమానుకొరకు కాచుకొని యుండవలెను. కూలి పోవును, షెడ్డులో అతని స్థానమునకు మరియొకడు వచ్చును.

అట్లుగాక బమ్రోలి చిరునామాకే ఏదో ఒక పత్రము సంపాదించినాడనుకొందము. పగటి షిఫ్టు పన్నెండు గంటలు. పోలీసు వచ్చు వేళకు అతడు మగ్గము వద్ద. పోస్టుమాను వచ్చు వేళకును మగ్గము వద్దనే. పాస్‌పోర్టును దరఖాస్తుదారుని గుర్తింపు చూచి అతనికే ఇయ్యవలెను గాని ప్రక్కగదివానికి ఇచ్చుటకు వీలులేదు. ఇంటిమేషన్ వదలి, కొన్నాళ్లు డిపాజిట్‌లో నుంచి, గడువు దాటిన తిరుగుటపాలో పాస్‌పోర్టు కార్యాలయమునకు పంపవలెను. పోస్టుమాను తప్పు లేదు. అతడు రూలు పాటించినాడు. కార్మికుని తప్పును లేదు. అతడు పనిలో నున్నాడు. ఇట్టి సందులోనే దళారి పుట్టును. 1997లో తత్కాల్ టికెట్లు ప్రవేశపెట్టినప్పటి నుండి ఈ సంగతి రైల్వే కౌంటరు సోదరులకు ఒకరు చెప్పనక్కరలేదు. తొందరకు ధర కట్టిన ప్రతిచోట, ఆ ధర పైన మరియొక ధర వసూలు చేయువాడు కిటికీ ప్రక్కనే నిలుచును.

పాస్‌పోర్టు ప్రభువుల దయ అను భావము మన దేశమున చాలకాలము చెల్లినది. 1967కు పూర్వము దాని మంజూరుకు శాసనమే లేదు. ప్రభుత్వము ఇచ్చిన ఇచ్చినట్లు, లేకున్న లేదు. ఆ ఏడాది ఏప్రిలులో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసున సుప్రీంకోర్టు, విదేశయాన హక్కు రాజ్యాంగములోని 21వ అధికరణమున చెప్పిన వ్యక్తిస్వాతంత్ర్యములో భాగమని తీర్పు చెప్పగా, జూనులో పాస్‌పోర్టుల చట్టము వచ్చినది. 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టును కారణము చెప్పకుండ స్వాధీనపరచుకొనగా, 1978 జనవరి 25న అదే న్యాయస్థానము హక్కును హరించు పద్ధతి న్యాయముగా, సహేతుకముగా నుండవలెనని చెప్పినది. ఆ తీర్పును తరువాతి కాలమున ఎన్నెన్నో ఉద్యోగుల కేసులలో మన న్యాయవాదులును ఉపయోగించుకొన్నారు.

అమెరికాలో నల్లజాతి గాయకుడు, కార్మికుల మిత్రుడు పాల్ రోబ్సన్ పాస్‌పోర్టును 1950లో రద్దుచేసి 1958 వరకు తిరిగి ఇయ్యలేదు. 1957లో అతడు న్యూయార్కులో కూర్చుండి, సముద్రగర్భపు టెలిఫోను తంతి ద్వారా లండను సభకును, వేల్సు గనికార్మికుల ఉత్సవమునకును పాట వినిపించినాడు. ఆ తంతి వేసిన భాగస్వాములలో బ్రిటిషు పోస్టాఫీసు ఒకటి. తపాలా సోదరులు సగర్వముగా తలచుకొనదగిన ముచ్చట యని ఇచ్చట చేర్చితిమి.

రోబ్సన్‌కు పాస్‌పోర్టు నిరాకరించినది ప్రభుత్వపు ఉత్తర్వు. బమ్రోలి కార్మికునికి ఎవరును నిరాకరించుట లేదు. అందువలననే అతని కష్టము ఎవరి కంటను పడదు. న్యాయస్థానము చెప్పిన సహేతుకమైన పద్ధతి, పన్నెండు గంటల షిఫ్టు చేయువాడు నెరవేర్చలేని పద్ధతి కాగలదా యని మేము అడుగుచున్నాము. విచారణ వలదని మేము అనుట లేదు. దొంగపేర్లతో పాస్‌పోర్టులు పుట్టుట ఎవరికిని క్షేమము కాదు. విచారించువాడు ఏ వేళకు వచ్చుననునదే మా ప్రశ్న.

ఇక మన శాఖల సంగతి. 2008లో పాస్‌పోర్టు సేవా పథకమును టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కు అప్పగించిరి. పత్రములను సరిచూచుట, మంజూరు చేయుట ప్రభుత్వోద్యోగుల చేతిలో నుంచి, తొలి కౌంటరును కంపెనీ సిబ్బందికి ఇచ్చిరి. అట్టి కేంద్రములు పెద్ద నగరములకే పరిమితమైనవి. దూరప్రాంతముల అవసరము తీర్చవలసి వచ్చినప్పుడు ప్రభుత్వమునకు జ్ఞప్తికి వచ్చినది తపాలాశాఖ. 2017 జనవరిలో మైసూరునందును, గుజరాతులోని దాహోదునందును పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రములు ప్రారంభమైనవి. నేడు అవి దేశమంతట నాలుగువందలకు పైగా నున్నవి. ప్రైవేటు కంపెనీకి గిట్టుబాటు కాని చోట పనిచేయగలది ప్రభుత్వశాఖయే యని ఇంతకన్న రుజువు కావలెనా? కాని పని పెంచి సిబ్బందిని పెంచకుండుట ఎట్టి న్యాయము? ఖాళీలు నింపక, బీట్లు కలిపి, ఒక పోస్టుమానుకు ఇద్దరి పని అప్పగించినచో, తాళము పడిన గదికి అతడు రెండవసారి ఎట్లు పోగలడు?

మన సభ్యులకును ఈ ఇక్కట్లు తప్పుట లేదు. విదేశములో కుమార్తె ప్రసవమునకు పోవలసిన తల్లి, తండ్రి మన యూనియన్లలో ఎందరో కలరు. పాస్‌పోర్టుకు శాఖాధిపతి నిరభ్యంతర పత్రము తప్పనిసరి యని పలు కార్యాలయములలో గుమాస్తాలు ఇంకను చెప్పుచున్నారు. అది సరికాదు. నిరభ్యంతర పత్రము లభింపనిచో, పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయుచున్నానని పై అధికారికి ముందుగా తెలియజేసిన లేఖ ప్రతిని నిర్ణీత నమూనాలో దాఖలు చేసిన చాలును. ఆ లేఖకు రసీదు ముద్ర వేయించుకొనుట మరువరాదు. పాస్‌పోర్టు వేరు, విదేశయానమునకు అనుమతి వేరు. అనుమతి విషయమున కేంద్ర సిబ్బంది శాఖ 2015 జూలైలో ఇచ్చిన ఆదేశము ప్రకారము, దరఖాస్తు అందిన 21 దినములలో అధికారి తన నిర్ణయమును తెలుపవలెను. తెలుపనిచో అనుమతి లభించినట్లే భావించు స్వేచ్ఛ ఉద్యోగికి కలదు. ఈ ఆదేశపు ప్రతిని ప్రతి శాఖా కార్యదర్శియు దగ్గర నుంచుకొనవలెను.

ఇంకొక మాట. కబురు వచ్చిన రాత్రి పాస్‌పోర్టును గూర్చి ఆలోచించుట ఆలస్యమే. పెద్దలకు ఇచ్చునది పదియేండ్లు చెల్లును. అనేక దేశములు ప్రయాణ సమయమున ఆరు మాసముల గడువైనను మిగిలి యుండవలెననును. కావున తొమ్మిదవ ఏటనే పెట్టె తెరచి చూచుకొనుట మేలు. 1500 రూపాయలతో పోవు పనికి 3500 ఏల?

బమ్రోలి విషయమై మేము కోరునది ఆకాశకుసుమము కాదు. ఉధనా, పాండేసరా, బమ్రోలి కార్మికవాడలకు చేరువలోని పోస్టాఫీసున సెలవుదినములందును పనిచేయు పాస్‌పోర్టు కౌంటరు నెలకొల్పవలెను. అందులకు అదనపు సిబ్బందిని మంజూరు చేయవలెను. పోలీసు విచారణ వేళను షిఫ్టు ననుసరించి దరఖాస్తుదారుడే ఎంచుకొనునట్లు చేయవలెను. మగ్గాల షెడ్ల యజమానులు ప్రతి కార్మికునికి గుర్తింపు కార్డు ఇయ్యవలెను. అది పాస్‌పోర్టుకే గాక ప్రావిడెంటు ఫండుకు, ప్రమాద పరిహారమునకు కూడ ఆధారమగును గనుక వారు దానికి ఒప్పుకొనరని మాకు తెలియును, అయినను అడుగుచున్నాము. అంతవరకు ఉధనా, సూరత్ శాఖలలోని మన సభ్యులు వారమునకొక సాయంకాలము బమ్రోలిలో కూర్చుండి దరఖాస్తులు నింపి పెట్టగలిగినచో, దళారికిచ్చు సొమ్ము కొంతయైనను మగ్గము నడపినవాని జేబులోనే నిలుచును. తెలుగు, గుజరాతీ రెండును చదువగలవారు అక్కడి మన శాఖలలో కలరు.