పసివాడి నాలుకకు వస అవసరమా?

మా కంకిపాడు ఇళ్ళలో బిడ్డ పుట్టగానే పెద్దవారు సిద్ధం చేసుకునే వస్తువులలో వసకొమ్ము ఒకటి. ఆముదపు దీపంపై కాల్చి, తేనెతో సానపై అరగదీసి నాకిస్తే మాటలు త్వరగా వస్తాయని నమ్మకం. గలగలా మాట్లాడేవారిని ‘వసపిట్ట’ అనటం అందుకే కాబోలు. నా ముగ్గురు బిడ్డలకూ నేను వస పోసినదానినే. మనుమడి బారసాలనాడు సాన కడుగుతుండగా మా కోడలు, “అత్తయ్యగారూ, అందులో ఏమున్నదో తెలుసుకున్నాక నాకిద్దామండీ” అన్నది. మొదట మనసు చివుక్కుమన్నది. తరువాత ఆ విషయం చదివితే ఆమె మాటే న్యాయమనిపించింది.

వస ఘాటంతా దాని దుంపలోని సుగంధతైలానిది. అందులో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. మొక్కలోని క్రోమోజోముల వరుసలనుబట్టి దాని పాలు మారుతుంది. రెండు వరుసల మొక్కలో అది ఉండదు. ఐరోపాలోని మూడు వరుసల మొక్కలో స్వల్పం. భారత, తూర్పు ఆసియా దేశాలలో కనిపించే నాలుగు వరుసల మొక్క తైలంలో సగానికి మించి అదే ఉండటం సాధారణం. జమ్మూ వసతైలం మేపిన ఎలుకలకు పేగులలో కంతులు పుట్టినట్లు 1967లో వెల్లడైంది. 1968లో అమెరికా ప్రభుత్వం ఆహారంలో వస వాడకాన్ని నిషేధించింది.

ఎలుకకు జరిగినదే మనిషికీ జరుగుతుందని చెప్పలేము. నాకించేది పెసరగింజంతే కదా అని కూడా అనవచ్చు. కాని ఆ పెసరగింజలో బీటా అసరోన్ ఎంతున్నదో కొమ్మును చూసి అమ్మేవాడూ చెప్పలేడు, కొనేవారమూ చెప్పలేము. కొలత తెలియని మందును పసివాడికి ఎట్లా పోస్తాము?

ఇది ఆయుర్వేదాన్ని తప్పుపట్టటం కాదు. మన పూర్వులు వసకు ‘ఉగ్రగంధ’ అని పేరుపెట్టారు. వాంతి చేయించే ద్రవ్యాలలో చేర్చారు. గోమూత్రాదులలో ఉడికించి శుద్ధి చేసే పద్ధతి చెప్పారు. ఉడికించినపుడు తైలం కొంత ఆవిరితో పోతుంది. మనం దీపంపై కాల్చటం ఆ శుద్ధికి సాటి రాదు. పెద్దవారైనా వైద్యుని సలహాతోనే వస వాడాలి.

ఇక తేనె సంగతి. ఏడాది నిండని బిడ్డకు తేనె వలన బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. మొదటి ఆరు నెలలు తల్లిపాలే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

మా వసకొమ్ము ఇప్పుడు పురుగు పట్టకుండా ఉన్ని దుస్తుల పెట్టెలో ఉన్నది. మనుమడిని ఒడిలో కూర్చోబెట్టుకొని నేనే కబుర్లు చెబుతున్నాను. బిడ్డకు మాటలు నేర్పేది మన మాటలే. సోదరీమణులారా, సాన పక్కన పెట్టండి, బిడ్డతో మాట్లాడండి.