చిలకలపూడి గొలుసు

కిందటి నెల గుడివాడలో బంధువుల ఇంట పెళ్లికి వెళ్లాం. భోజనాల దగ్గర మా ఆవిడ పక్కన కూర్చున్న పెద్దావిడ ఆమె మెడలో గొలుసు వేళ్లతో ఎత్తి చూసి, “ఎన్ని కాసులమ్మా? పనితనం ముచ్చటగా ఉంది” అంది. మా ఆవిడ నవ్వి ఊరుకుంది. ఎదురుగా కూర్చున్న నాకు మాత్రం ముద్ద దిగలేదు.

అది చిలకలపూడి గొలుసు. మా బందరువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు, రోల్డుగోల్డు. అసలు గొలుసు బ్యాంకులో తాకట్టులో ఉంది.

రెండేళ్ల క్రితం వాయిదాల మీద కారు కొన్నాను. తోటి లెక్చరర్లు ఇద్దరు కొన్నారు. అంతకు మించి కారణం ఎంత వెతికినా కనపడదు. కాలేజీ మా ఇంటికి మైలు దూరం. అందరూ ఆశ్చర్యపోవాలని ఇంట్లో ముందుగా చెప్పలేదు. ఆ తరువాత అమ్మాయి ఫీజూ, కారు వాయిదా ఒకే నెలలో వచ్చి పడ్డాయి. గొలుసు అడిగాను. తీసి ఇస్తూ మా ఆవిడ ఒక్క మాట అంది: “కారుకి అడగలేదు. గొలుసుకి అడుగుతున్నారు.”

పెళ్లినుంచి వచ్చిన వారంలోనే క్లాసులో గౌరన హరిశ్చంద్రోపాఖ్యానం చెబుతున్నాను. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. “అప్పు హరిశ్చంద్రుడిది కదండీ, ముందు అమ్ముడుపోయింది చంద్రమతి ఎందుకండీ?” ఏళ్ల తరబడి సత్యవ్రతం గురించి పాఠాలు చెప్పిన నాకు ఆ పూట జవాబు తోచలేదు.

ఇంటికి వచ్చి యాజ్ఞవల్క్య స్మృతి తిరగేశాను. తాను ఒప్పుకున్న అప్పు, భర్తతో కలిసి చేసిన అప్పు, తాను స్వయంగా చేసిన అప్పు - ఇవి తప్ప స్త్రీ మరే అప్పూ తీర్చనక్కరలేదని అందులో ఉంది. తాగుడుకీ, జూదానికీ తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చనక్కరలేదనీ ఉంది. ఆ లెక్కన నా కారు వాయిదాతో మా ఆవిడకు సంబంధం లేదు. అయినా మెడ బోసి అయింది ఆవిడదే.

అప్పు చేయడమే పాపమని నేననను. సుమతి శతకకారుడు ఊరికి కావలసినవాళ్లలో అప్పిచ్చేవాణ్ణి వైద్యుడికంటే ముందు చెప్పాడు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకు పెట్టింది మా బందరులోనే. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది గాని, అప్పు లేకుండా నాట్లు పడే రోజు మన డెల్టాకు ఇంకా రాలేదు.

మా తాతగారిది దివిసీమ. ఆయన నాట్లకు అప్పు తెచ్చిన ఏడే, 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. చేను పోయింది, అప్పు మిగిలింది. ఇంటిల్లిపాదీ కష్టపడి ఆరేళ్లపాటు తీర్చారట. ఆ ఆరేళ్లలో ఎవరూ ఎవరినీ దెప్పలేదని మా నాన్న చెప్పేవారు. దెప్పేందుకేముంది? ఎంత తెచ్చారో, ఎందుకు తెచ్చారో అందరికీ తెలుసు.

ఆ రోజుల్లో అప్పు కావాలంటే ఒకరి గడప ఎక్కాలి. దారిలో సిగ్గు అడ్డుపడేది. కొన్ని అప్పులు ఆ సిగ్గువల్లే ఆగిపోయేవి. ఇప్పుడు సెల్‌ఫోను మీద వేలు ఆనిస్తే చాలు, పక్క గదిలో ఉన్న భార్యకు కూడా తెలియదు. పరాయివాడి గడప ఎక్కే పని తప్పింది గనుక, ముందు మన ఇంట్లోవాళ్ల ఎదుట నిలబడి అడగడం అవసరమని నాకు ఆలస్యంగా తెలిసివచ్చింది.

కారు అమ్మకానికి పెట్టాను. మొన్న రాత్రి బాకీలన్నీ ఒక కాగితం మీద రాసి, భోజనాలయ్యాక తల్లీకూతుళ్ల ముందు పెట్టాను. అమ్మాయి కూడికలో ఒక తప్పు పట్టుకుంది. మా ఆవిడ కాగితం రెండుసార్లు చదివి, కలం అడిగి తీసుకుని, అన్నిటికీ అడుగున ‘గొలుసు’ అని రాసింది.

బ్యాంకు బాకీ రాశాను గాని, ఆవిడ బాకీ రాయడం నాకు తోచనేలేదు.